యాభై ఏళ్ల యాంప్లిఫయర్‌లో ఏది ముసలిదైంది?

"పనిచేస్తూ ఉండగానే తీసి పక్కన పెట్టాం, అంతే." పాత రేడియో సామాను అమ్మేవాళ్ల నోట ఈ మాట తరచుగా వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. అయితే హామ్‌లు, అంటే అభిరుచి కొద్దీ సొంత రేడియో స్టేషన్లు నడిపేవాళ్లు, వాడే హై వోల్టేజి పవర్ యాంప్లిఫయర్ విషయంలో ఆ నిజం కొనేవాడికి పెద్దగా అక్కరకు రాదు. పక్కన పెట్టిన ఆ ఇరవై ఏళ్లలో పెట్టె లోపల ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. కరెంటు లేకపోయినా కెపాసిటర్లలో రసాయన చర్య సాగుతూనే ఉంటుంది. రెసిస్టర్లు తేమ పీలుస్తూనే ఉంటాయి. వెండి పూత నల్లబడుతుంది, ఫ్యాన్ బుష్‌లో నూనె బంకగా మారుతుంది. ఒక్కో పదార్థానిది ఒక్కో రకం ముసలితనం. పాత యాంప్లిఫయర్ని బాగుచేయాలనుకునేవాడు చెడిపోయిన భాగాన్ని వెతకడానికి ముందు, ఏది ఎలా పాతబడుతుందో తెలుసుకోవాలి. ఎందుకంటే అందరూ భయపడే గాజు ట్యూబులు తరచుగా బాగానే ఉంటాయి. ఎవరూ పట్టించుకోని చిన్న రెసిస్టరే ప్రాణం మీదికి తెస్తుంది.

ఉదాహరణకు ఒక పెట్టెను ఎంచుకుందాం. అమెరికాలో హామ్‌ఫెస్టులనే రేడియో సంతల్లో దశాబ్దాలుగా చేతులు మారుతున్న హీత్‌కిట్ ఎస్‌బీ-220. 1970లలో ఇది హామ్‌ల బల్లల మీద బాగా కనిపించిన లీనియర్ యాంప్లిఫయర్. రెండు 3-500జెడ్ ట్రయోడ్ ట్యూబులు, మూడు వేల వోల్టుల పవర్ సప్లై, అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. బరువు ఇరవై కిలోలు దాటుతుంది. ఆ బరువులో సింహభాగం ట్రాన్స్‌ఫార్మర్‌దే.

దీన్ని తయారుచేసిన హీత్ కంపెనీ కథ కొంచెం చెప్పుకోవాలి, మరమ్మతుకు దానితో సంబంధం ఉంది. మొదట అది విమానాల కంపెనీ. ఎడ్వర్డ్ హీత్ అనే ఆయన పారాసోల్ అనే చిన్న విమానాన్ని విడిభాగాల కిట్‌గా అమ్మేవాడు, కొన్నవాళ్లే బిగించుకోవాలి. 1931లో ఒక కొత్త విమానాన్ని పరీక్షిస్తూ ఆయన మరణించాడు. ఆ తరవాత హోవర్డ్ ఆంథనీ కంపెనీని కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిపోయిన ఎలక్ట్రానిక్ భాగాలను చవగ్గా కొని, 1947లో ఆసిలోస్కోప్ కిట్ ఒకటి మార్కెట్లోకి తెచ్చాడు. అది నిలదొక్కుకుంది. మిషిగన్ రాష్ట్రంలోని బెంటన్ హార్బర్ నుంచి రేడియోలు, టీవీలు, చివరికి కంప్యూటర్లు కూడా కిట్‌లుగా ప్రపంచమంతా వెళ్లాయి. 1992లో కంపెనీ కిట్‌ల వ్యాపారం మానేసింది.

అంటే ఎస్‌బీ-220లో టంకం పెట్టింది ఫ్యాక్టరీ కార్మికుడు కాదు, కొన్నవాడే. మాన్యువల్‌లో ఒక్కో మెట్టు పక్కన ఒక గడి ఉండేది, పని అయ్యాక టిక్కు పెట్టుకోవాలి. ఆ కొన్నవాడు ఇంజనీరు కావచ్చు, సోల్డరింగ్ ఐరన్ అప్పుడే పట్టుకున్న కుర్రాడు కావచ్చు. అందుకని ఒకే మోడల్‌కు చెందిన రెండు పెట్టెలు ఒకలా ఉండవు. చల్లబడకముందే కదిలిన టంకం, తీగ చుట్టూ పరుచుకోకుండా పైన ముద్దలా నిలిచిన టంకం దశాబ్దాల పాటు వేడెక్కి, చల్లారి, చివరికి వదులవుతాయి. సర్క్యూట్ పటం చూసి భాగాల్ని పరీక్షించే ముందు భూతద్దంతో ప్రతి అతుకునూ చూడటం ఈ పెట్టె విషయంలో తప్పనిసరి. మాన్యువల్ ప్రతులు ఇప్పటికీ దొరకడం మన అదృష్టం.

ఇంతకీ ఇంత శక్తి ఎందుకు? ఇప్పటి హామ్ ట్రాన్సీవర్ మామూలుగా వంద వాట్లు ఇస్తుంది. లీనియర్ దాన్ని వెయ్యి వాట్ల దాకా తీసుకెళుతుంది. పది రెట్లంటే 10 డెసిబెల్స్. అవతల వినేవాడి రిసీవర్ మీటరు మీద ఒక్కో గీతకు 6 డెసిబెల్స్ అని లెక్క. కాబట్టి ఇరవై కిలోల ఇనుము, మూడు వేల వోల్టులు కలిసి అక్కడ ముల్లును రెండు గీతలు కూడా కదిలించవు. నిజం చెప్పాలంటే అదే డబ్బు యాంటెన్నా మీద పెడితే ఎక్కువ ఫలం దక్కుతుంది, పైగా వినడమూ మెరుగవుతుంది. కానీ సిగ్నల్ హోరులో మునిగిపోయే అంచున ఉన్నప్పుడు ఆ ఒకటిన్నర గీతే మాట అర్థం కావడానికీ కాకపోవడానికీ మధ్య తేడా. దూరదేశాల స్టేషన్ల వెంటపడేవాళ్లు లీనియర్లు కొనేది అందుకే.

పనిచేసే తీరు సులువే. ట్యూబులో ఫిలమెంట్ కాలి ఎలక్ట్రాన్లను వదులుతుంది. మూడు వేల వోల్టుల ఆనోడ్ వాటిని లాగుతుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. మామూలుగా సిగ్నల్‌ను గ్రిడ్‌కు ఇస్తారు. ఇక్కడ గ్రిడ్‌ను రేడియో ఫ్రీక్వెన్సీ లెక్కన ఎర్త్‌కు కట్టేసి, సిగ్నల్‌ను ఫిలమెంట్‌కే ఇస్తారు. దీన్ని గ్రౌండెడ్ గ్రిడ్ పద్ధతి అంటారు. ఎర్త్ అయిన గ్రిడ్ ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య తెరలా నిలబడుతుంది కాబట్టి యాంప్లిఫయర్ తనంతట తాను ఊళ పెట్టడం బాగా తగ్గుతుంది. ఇన్‌పుట్‌గా ఇచ్చిన వాట్లలో కొంత భాగం నేరుగా అవుట్‌పుట్‌లో కలుస్తుంది. ఈ సర్క్యూట్ మొండిది. అందుకే యాభై ఏళ్ల తరవాత కూడా దీన్ని బాగుచేయడానికి మనుషులు ముందుకొస్తున్నారు.

ఇక మూత తీద్దాం. కాదు, ఆగుదాం.

పవర్ సప్లైలో 200 మైక్రోఫారడ్, 450 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎనిమిది వరసగా కట్టి ఉంటాయి. వరసలో కట్టితే మొత్తం విలువ 25 మైక్రోఫారడ్లకు తగ్గుతుంది, కానీ మూడు వేల వోల్టుల్ని తలా 375 చొప్పున పంచుకోగలుగుతాయి. ఆ వరసలో దాగిన శక్తి సుమారు 112 జౌళ్లు. లయ తప్పి వణుకుతున్న గుండెను మళ్లీ దారిలో పెట్టడానికి ఆసుపత్రిలో డీఫిబ్రిలేటర్‌తో ఇచ్చే షాకులు 120 జౌళ్ల దగ్గర మొదలవుతాయి. ఆ యంత్రం లెక్క చూసి ఇస్తుంది, ఈ పెట్టెకు లెక్కా పత్రం ఉండదు. ప్లగ్గు పీకేసినా ఈ శక్తి అక్కడే ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికే ప్రతి కెపాసిటర్‌కూ అడ్డంగా 30 కిలో ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ ఒకటి పెట్టారు. అన్నీ సక్రమంగా ఉంటే పాతిక సెకన్లలో మూడు వేల వోల్టులు యాభైకి పడిపోతాయి.

"అన్నీ సక్రమంగా ఉంటే" అన్న మాట దగ్గరే వస్తుంది చిక్కు. ఎనిమిదిలో ఒక్క బ్లీడర్ తెగిపోయిందనుకోండి. స్విచ్ ఆపాక ఏడు కెపాసిటర్లు ఖాళీ అవుతాయి, ఎనిమిదోది తన 375 వోల్టుల్నీ పట్టుకుని కూర్చుంటుంది. ముందు ప్యానెల్ మీద హై వోల్టేజి మీటరు ముల్లు బాగా కిందికి దిగి ఉంటుంది, చూసినవాడు సరే అనుకుంటాడు. మనిషి జాగ్రత్తపరుడై, ఎర్త్ తీగ కట్టిన ఇన్సులేటెడ్ కర్రతో వరస పై చివరను తాకించాడనుకుందాం. హామ్‌లు దాన్ని చికెన్ స్టిక్ అంటారు. ఒక్క క్షణం తాకిస్తే ఆ 375 వోల్టులు పోవు. ఛార్జి ఎనిమిదింటిలోనూ సర్దుకుంటుంది. ఏడు ఖాళీ కెపాసిటర్లు తలా 47 వోల్టులు తిరగబడి ఛార్జి అవుతాయి, ఎనిమిదో కెపాసిటర్‌లో ఇంకా దాదాపు 330 వోల్టులు మిగిలే ఉంటాయి. అందువల్ల వరస చివర్లను షార్ట్ చేస్తే చాలదు. ఒక్కో కెపాసిటర్ కాళ్లనూ విడిగా మీటరుతో చూసి, విడిగా ఖాళీ చేయాలి. ఈ పెట్టెలో మూత తీయగానే హై వోల్టేజిని ఎర్త్‌కు కలిపే భద్రతా స్విచ్ కూడా ఉంది, మంచిదే. దాని స్ప్రింగు వయసు కూడా యాభై ఏళ్లే అని మరిచిపోకూడదు.

మీటరు సంగతి మరీ విచిత్రం. మూడు వేల వోల్టుల్ని చిన్న మీటరుకు చూపించడానికి ఎక్కువ విలువ గల రెసిస్టర్లను గొలుసుగా వాడతారు. ఆ కాలపు కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్లు తేమ పీల్చి, వేడికి లోనై, ఏళ్ల తరబడి విలువ పెంచుకుంటాయి. విలువ పెరిగితే మీటరులో పారే కరెంటు తగ్గుతుంది, మీటరు ఉన్నదానికన్నా తక్కువ వోల్టేజి చూపుతుంది. అంటే ముసలితనంలో ఈ మీటరు చెప్పే అబద్ధం ప్రమాదం వైపే మొగ్గుతుంది. మన దగ్గరుండే మామూలు మల్టీమీటరుతో సరిచూద్దామా అంటే అది వెయ్యి వోల్టులకు మించి తట్టుకోదు. హై వోల్టేజి ప్రోబ్ లేకుండా ఈ పనికి దిగకూడదు.

కెపాసిటర్ల విషయానికి వద్దాం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటుంది, అదే ఇన్సులేటర్. ఒక్కో వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్ల మందం లెక్కన ఆ పొరను పెంచుతారు. 450 వోల్టులు తట్టుకునే పొర కూడా మిల్లీమీటరులో వెయ్యో వంతుకు లోపే ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని ఉండే ద్రవం ఎలక్ట్రోలైట్. వోల్టేజి ఉన్నంతకాలం పొరలో ఎక్కడ చిన్న లోపం వచ్చినా అక్కడ కరెంటు పారి, కొత్త ఆక్సైడ్ ఏర్పడి లోపం మూసుకుపోతుంది. స్విచ్ ఆపి అటకెక్కిస్తే ఆ మరమ్మతు ఆగిపోతుంది. ద్రవం మాత్రం పొరను మెల్లగా తింటూనే ఉంటుంది. ఇరవై ఏళ్ల తరవాత ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే బలహీనపడ్డ చోట్ల లీకేజి కరెంటు విపరీతంగా పారి, ద్రవం మరిగి, కెపాసిటర్ ఉబ్బి పగులుతుంది.

వాడకుండా పెట్టడం వల్ల వచ్చే జబ్బుకు మందుంది. కరెంటును పరిమితం చేసే రెసిస్టర్ ద్వారా వోల్టేజిని గంటల తరబడి అంచెలంచెలుగా పెంచుకుంటూ పోతే పొర మళ్లీ అల్లుకుంటుంది. దీన్ని రీఫార్మింగ్ అంటారు. వాడటం వల్ల వచ్చే జబ్బుకు మాత్రం మందు లేదు. రబ్బరు సీలు గుండా ఎలక్ట్రోలైట్ ఆవిరై పోవడం ఆ జబ్బు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఇప్పుడు బ్లీడర్లు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోండి. ఒక్కోటి నాలుగున్నర వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది, ఎనిమిదీ కలిస్తే 37 వాట్లు. అవి కెపాసిటర్లను ఆనుకునే ఉన్నాయి. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన భాగాలే పక్కనున్న కెపాసిటర్లను ఏళ్ల తరబడి కాల్చి ఎండబెట్టాయి.

ఈ రెండు జబ్బులూ ఒకేచోట ఉన్న కెపాసిటర్లను రీఫార్మ్ చేసి వాడదామనేవాళ్లను చూస్తే నాకు అర్థం కాదు. ఎనిమిదింటినీ మార్చడమే సరైన పని. ఇప్పుడు దొరికే కెపాసిటర్లు పరిమాణంలో చిన్నవి, ఎక్కువ వేడిని ఓర్చుకునేవి. బ్లీడర్లను కూడా వాటితోపాటే మార్చి, 30కి బదులు 100 కిలో ఓమ్‌లవి వేసుకోవడం బాగా వ్యాప్తిలో ఉన్న మార్పు. దానితో వేడి ఒక్కోదానికి 1.4 వాట్లకు తగ్గుతుంది. అయితే ఖాళీ అయ్యే సమయం మూడింతలు దాటుతుంది. పాతిక సెకన్లకు బదులు ఎనభై సెకన్లకు పైగా ఆగాలి. ఈ మార్పు చేసినవాడు దాన్ని పెట్టె మీద రాసి అంటించాలి, తరవాత కొనేవాడికి తెలియాలి కదా.

ఇక అందరూ మొదట అడిగే ట్యూబులు. ఐమాక్ అన్న పేరు హామ్‌లకు సుపరిచితం. 1934లో కాలిఫోర్నియాలో బిల్ ఐటెల్, జాక్ మెకల్లో అనే ఇద్దరు హామ్‌లు తమ ఇంటిపేర్ల ముక్కలు కలిపి పెట్టిన కంపెనీ అది. 3-500జెడ్ వాళ్ల ట్యూబే. అరచేయంత గాజు బుడ్డి, లోపల బూడిద రంగు ఆనోడ్. ఆ ఆనోడ్ ఒక్కటే 500 వాట్ల వేడిని భరించగలదు. గట్టిగా పనిచేసేటప్పుడు మసక ఎరుపులో వెలుగుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారుపడతారు. ఆ ఎరుపు కావాలని పెట్టినదే, కారణం తరవాత వస్తుంది.

ఫిలమెంట్ మామూలు టంగ్‌స్టన్ కాదు, కొద్ది శాతం థోరియం ఆక్సైడ్ కలిపిన టంగ్‌స్టన్. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1910లలో మొదలుపెట్టిన పరిశోధనల వల్ల దీని గుట్టు తెలిసింది. లోపలి థోరియం మెల్లగా పైకి వచ్చి ఉపరితలం మీద ఒకే ఒక్క పరమాణువు మందంలో పొరలా పరుచుకుంటుంది. స్వచ్ఛమైన టంగ్‌స్టన్ నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగాలంటే 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, ఈ పొర ఉంటే 2.6 చాలు. అందువల్ల 2,200 డిగ్రీలకు పైగా కాల్చాల్సిన ఫిలమెంట్‌ను 1,700 సెల్సియస్ దగ్గర నడపవచ్చు. ఇత్తడి గిన్నెకు వేసిన కళాయి లాంటిదే ఈ పొర, కాకపోతే అరిగినకొద్దీ గిన్నె లోపల్నుంచే ఊరుతుంది. లోపలి నిల్వ అయిపోయేదాకా ట్యూబు బతుకుతుంది. ముఖ్యమైన సంగతేమిటంటే ఆ నిల్వ కాలినప్పుడే ఖర్చవుతుంది, బీరువాలో ఉన్నప్పుడు కాదు. కాబట్టి యాభై ఏళ్ల నాటి ట్యూబు తక్కువగా వాడినదైతే ఫిలమెంట్ పరంగా ఇంకా పడుచుదే.

బీరువాలో ఉన్న ట్యూబుకు వచ్చే జబ్బు వేరు. లోపలి లోహాలు, గాజు తమలో ఇమిడి ఉన్న వాయువును ఏళ్ల తరబడి అణువు అణువుగా శూన్యంలోకి వదులుతాయి. మూడు వేల వోల్టుల మధ్య ఆ కొద్ది వాయువు అయనీకరణ చెందితే ట్యూబు లోపల మెరుపు పుడుతుంది. కెపాసిటర్లలోని శక్తి అంతా ఒక్క దెబ్బతో అటు పారుతుంది. చప్పుడు తుపాకి పేలినట్టు ఉంటుంది. దారిలో ఉన్న డయోడ్లు, మీటర్లు, బయాస్ జెనర్ అన్నీ పోవచ్చు.

ఆనోడ్ ఎర్రబడటానికి కారణం ఇప్పుడు చెప్పుకోవచ్చు. చిన్న రేడియో ట్యూబుల్లో పైన వెండిలా మెరిసే మచ్చ చూసి ఉంటారు, అది వాయువును పీల్చే గెట్టర్. 3-500జెడ్‌లో ఆ మచ్చ ఉండదు. దాని గెట్టర్ ఆనోడ్ మీద పూసిన జిర్కోనియం. ఆక్సిజన్, నైట్రోజన్ లాంటి వాయువుల్ని జిర్కోనియం పీల్చుకుని బంధించాలంటే అది బాగా వేడెక్కాలి. ఆనోడ్ ఎన్నడూ ఎర్రబడకుండా చల్లగా నడిపితే ట్యూబు తనను తాను శుభ్రం చేసుకోలేదు. అందుకే చాలాకాలం పడుకున్న ట్యూబును ముందు ఫిలమెంట్ మాత్రమే వెలిగించి గంటల తరబడి ఉంచుతారు. తరవాత తక్కువ ఆనోడ్ వోల్టేజి ఇస్తారు. చివరికి ఆనోడ్ మసక ఎరుపుకు వచ్చేలా కాసేపు నడుపుతారు. ఓపిక ఉన్నవాడి చేతిలో చాలా ట్యూబులు ఇలా తేరుకుంటాయి. తేరుకోనివాటికి బదులు చైనాలో తయారయ్యే కొత్తవి దొరుకుతాయి.

ఫిలమెంట్ వోల్టేజి గురించి మరొక్క మాట. ఒక్కో ట్యూబుకు 5 వోల్టుల దగ్గర 14.6 ఆంపియర్లు కావాలి. ఇంత కరెంటు దగ్గర సాకెట్ కాంటాక్టు ఎంత శుభ్రంగా ఉందన్నదే అన్నింటినీ నిర్ణయిస్తుంది. మసి పట్టిన ఒక్క కాంటాక్టులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం పుట్టినా అక్కడ రెండు వాట్లకు పైగా వేడి, 0.15 వోల్టుల నష్టం. ఆ వేడి ట్యూబు కాలిలోకి పాకుతుంది. ఈ ట్యూబు కాళ్లలో తీగను టంకంతోనే అతికారు, మామూలు సీసం–తగరం టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది. ట్యూబు కింది సీళ్లకు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రతే 200 డిగ్రీలు. అందుకని గాలి సరిగా తగలకపోయినా, సాకెట్ పట్టు వదులైనా టంకం కరిగి కారిపోతుంది. ట్యూబు వెలగడం మానేస్తుంది, యజమాని ఫిలమెంట్ తెగిందని చెత్తబుట్టలో వేస్తాడు. కాళ్లను శుభ్రం చేసి మళ్లీ టంకం పెడితే బతికే ట్యూబులవి. చవగ్గా "పోయిన ట్యూబులు" ఎవరైనా ఇస్తామంటే కాదనకండి.

ఆ గాలి ఇచ్చేది ఒక చిన్న ఫ్యాన్. రెండు ట్యూబుల ఫిలమెంట్లే 146 వాట్లు కాలుస్తాయి. మాట్లాడేటప్పుడు శిఖర స్థాయిలో ఆనోడ్లకు 2,000 వాట్లు అందితే 1,200 దాకా యాంటెన్నాకు పోయి, తక్కినది వేడిగా మిగులుతుంది. ఫ్యాన్ బుష్ చుట్టూ ఉన్న ఫెల్ట్‌లో నూనె ఎండి బంక కడితే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. పాత బంక తుడిచి నాలుగు చుక్కల మిషను నూనె వేస్తే చాలు. ఈ పెట్టెలో అన్నింటికన్నా చవకైన వైద్యం ఇదే.

అవుట్‌పుట్ వైపు చూస్తే ట్యూబులకు రెండు వేల ఓమ్‌ల ప్రాంతంలో లోడ్ కావాలి, యాంటెన్నా తీగ 50 ఓమ్‌లది. రెండింటినీ కలిపేది గ్రీకు అక్షరం పై (π) ఆకారంలో కట్టిన నెట్‌వర్క్, అంటే ఒక కాయిల్, అటూఇటూ తిప్పుడు కెపాసిటర్లు. బ్యాండు మారితే కాయిల్‌లో ఎంత భాగం వాడాలో బ్యాండ్ స్విచ్ నిర్ణయిస్తుంది. దాని వెండి పూత గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది, దాన్ని క్లీనర్‌తో తుడవొచ్చు. పవర్ ఆపకుండానే ఎవరో స్విచ్ తిప్పినందువల్ల కాలిన కాంటాక్టును తుడిచి లాభం లేదు. అమ్మేవాడు ఏం చెప్పినా ముందటి యజమాని అలవాట్లు బ్యాండ్ స్విచ్ మీద రాసి ఉంటాయి. సెకండ్ హ్యాండ్ పెట్టె కొనేముందు టార్చి వేసి చూడాల్సిన మొదటి చోటు అదే.

పాతబడటంతో సంబంధం లేని ప్రమాదం కూడా ఒకటుంది. యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే రిలే లైను మీద ఈ పెట్టెలో వంద వోల్టులకు పైగా ఉంటాయి. ఆ రోజుల్లో ట్రాన్స్‌మిటర్ లోపల కూడా రిలే కాంటాక్టే ఉండేది కాబట్టి ఇబ్బంది లేదు. నేటి ట్రాన్సీవర్‌లో ఆ చోట చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది. నేరుగా కలిపితే అది అక్కడికక్కడే పోతుంది. మధ్యలో లైను వోల్టేజిని కొద్ది వోల్టులకు తగ్గించే చిన్న బోర్డు వేసుకోవాలి.

ఇలాంటి మార్పులు చేస్తే పాత వస్తువు అసలుతనం పోతుందని బాధపడేవాళ్లు ఉంటారు. అయితే హై వోల్టేజి తీగలో 50 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి అదనంగా వేస్తే, ట్యూబులో మెరుపు పుట్టినప్పుడు కరెంటు 60 ఆంపియర్లు దాటదు. అది లేకపోతే వందల ఆంపియర్లు. స్విచ్ వేయగానే ఖాళీ కెపాసిటర్లు, చల్లని ఫిలమెంట్లు ఒక్కసారిగా లాగే కరెంటును తగ్గించే స్టెప్ స్టార్ట్ సర్క్యూట్ కూడా మొదటి డిజైన్‌లో లేదు. ఈ రెండూ వేసుకోవాల్సిందేనని నా అభిప్రాయం. మ్యూజియంలో పెట్టే పెట్టెకు ఒక నీతి, రోజూ స్విచ్ వేసే పెట్టెకు ఇంకో నీతి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం కూడా ఒక క్రమంలో జరగాలి. ట్యూబులు తీసేసి, లైనులో వరసగా ఫిలమెంట్ బల్బు ఒకటి కట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను చూస్తారు. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పెట్టెకు ఏమీ కాదు. తరవాత హై వోల్టేజి, ఆ తరవాత ట్యూబులు. సాకెట్ దగ్గర ఫిలమెంట్ వోల్టేజి 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. అప్పటి డిజైనర్లు తరచుగా 117 వోల్టుల లైనును లెక్కలోకి తీసుకునేవారు, నేటి అమెరికా ఇళ్లలో 120 దాటుతుంది. మన దేశంలో అయితే 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. వెనక అంటించిన రేకు మీద ఏం రాసి ఉందో చదవడం మరవకూడదు. అంతా కుదిరాక కూడా మొదటి సిగ్నల్ యాంటెన్నాకు కాదు, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కు, అంటే శక్తిని ప్రసారం చేయకుండా వేడిగా మార్చేసే రెసిస్టర్‌కు. వెయ్యి వాట్లంటే ఆ లోడ్‌కు వెళ్లే తీగలో నాలుగున్నర ఆంపియర్లు. చవక కనెక్టర్ల బండారం అక్కడే బయటపడుతుంది.

మన దగ్గర ఇలాంటి పెట్టెలు తక్కువ, హామ్‌లు మాత్రం ఉన్నారు. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో యాత్రలో ఉంది. అండమాన్ కబుర్లు బయటి ప్రపంచానికి చేరడంలో వాళ్ల పాత్ర అందరికీ తెలిసిందే. అయితే విపత్తు సమయానికి ఇంట్లో ఒక లీనియర్ ఉండాలనే వాదన నిలవదు. తుఫాను వస్తే మొదట పోయేది కరెంటే, కిలోవాట్ యాంప్లిఫయర్ కారు బ్యాటరీ మీద నడవదు. వంద వాట్ల రేడియో నడుస్తుంది. పైగా భారత నియమాల్లో జనరల్ గ్రేడ్ లైసెన్సుదారుకు షార్ట్ వేవ్ మీద చాలాకాలంగా ఉన్న పరిమితి 400 వాట్లు. నియమాలు మారుతుంటాయి కనుక ఎవరి లైసెన్సు మీద ఏముందో వాళ్లే చూసుకోవాలి. ఎస్‌బీ-220ని తెచ్చుకుని సగం కన్నా తక్కువ శక్తితో నడపవచ్చు, ట్యూబులకు అది హాయి. కానీ అప్పుడప్పుడైనా ఆనోడ్లను డమ్మీ లోడ్ మీద ఎర్రబరచాలి.

కొనాలనుకుంటే ధర కుదుర్చుకునే ముందు మూడు చూడండి: ట్రాన్స్‌ఫార్మర్, బ్యాండ్ స్విచ్, రెండు ట్యూబులు. మొదటి రెండూ పోతే ఆ పెట్టె విడిభాగాలకే పనికొస్తుంది, ట్యూబుల ధర ఒక్కోసారి పెట్టె ధరను మించుతుంది. తక్కినవి కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఏ ఎలక్ట్రానిక్స్ బజారులోనైనా వెతుక్కోగలిగిన భాగాలే. మూత తీసే రోజు మాత్రం గదిలో మీతో పాటు ఇంకొకరు ఉండాలి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకు ముందే చూపించి ఉంచండి.